తాతయ్య పాటకి శుద్ధి చేసిన కరెంటు

ఆ శనివారం పొద్దున పది గంటలకు బందరులో మా ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లు: చాపల మీద చుట్టాలు ముప్పై ఎనిమిది మంది, కుర్చీలో పాస్టరు గారు, గోడకి ఆనుకుని దివిసీమ నుంచి వచ్చిన మా అమ్మమ్మ, ఆవిడ చెయ్యి పట్టుకుని మా అమ్మ, గుమ్మంలో చేతులు కట్టుకుని మా నాన్న, కిటికీ పక్కన మా సుందరం మావయ్య, చిట్టచివర పక్కింటి టైలరు కోటేశ్వరరావు గారు. ఉన్నవి: నేను సొంతంగా బిగించిన ఆంప్లిఫయరు ఒకటి, టేప్ డెక్ ఒకటి, బీరువాల్లాంటి స్పీకరు పెట్టెలు రెండు, స్టెబిలైజరు ఒకటి, పద్నాలుగు కిలోల ట్రాన్స్‌ఫార్మరు ఒకటి, ఫిల్టరు పెట్టె ఒకటి, పెరట్లోంచి కిటికీ గుండా లోపలికి పాకిన రాగి తీగ ఒకటి, కేసెట్టు ఒకటి. సీలింగు ఫ్యాన్లు రెండు. రెండూ ఆపేసి ఉన్నాయి. నెల మే.

ఆపించింది నేనే. ఇంకో అరగంటలో అదే గదిలో, అదే జనం ముందు, నా డిప్లొమా పట్టా, నా మూడు నెలల కష్టం, నా నోరు మూడూ ఒకేసారి మూతపడబోతున్నాయి. ఆ సంగతి నాకు తెలియదు. మీకు ముందే చెప్పేస్తున్నాను, జాలిపడకండి. ఇన్నేళ్లయినా ఆ కుర్రాడి మీద, అంటే అప్పటి నా మీద, నా కోపం వీసమెత్తు తగ్గలేదు. ఎదురుగా దొరికితే వాడి చేతిలోని టెస్టరు లాక్కుని దానితోనే వాడి నెత్తిన మొట్టాలని ఉంది.

మొదలు దగ్గరికి వస్తాను. తొంభైల చివర్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు, ఎలక్ట్రికల్ డిప్లొమా అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఉద్యోగం లేని ఇంజనీరు ఇంట్లో ఉంటే, మూత లేని ఫ్యూజు బాక్సు ఉన్నట్టే. ఎవరు దగ్గరికొచ్చినా షాకే.

మా అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, దివిసీమలో చేపల చెరువు చూసుకుంటూ ఆదివారాలు చర్చిలో పాట ఎత్తుకునేవాడు. ఆయన పోయి మూడేళ్లు. ఏటా ఆయన పేరున జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. ప్రార్థన, పాటలు, ఆయన గురించి నలుగురి మాటలు, తర్వాత భోజనాలు. ఆయన గొంతు ఈ భూమ్మీద ఒకే ఒక్క కేసెట్టులో ఉంది. సుందరం మావయ్య ఎప్పుడో చెరువు గట్టున తీసింది. ఆయన పోగానే మావయ్య దాన్ని అమ్మ చేతిలో పెట్టేశాడు, ఇంట్లో ఉంటే వినాలనిపిస్తుంది, వింటే తట్టుకోలేమని. అమ్మమ్మయితే దాని పేరే ఎత్తనిచ్చేది కాదు. అలాంటిది ఆ ఏడు కూడిక మా ఇంట్లో పెట్టుకుందామనుకోగానే ఆవిడే కబురు పంపింది: "ఈసారి ఆయన పాట పెట్టండి. వింటాను."

అమ్మ ఆ కబురు విని రెండు రోజులు ముక్కు చీదుకుంటూ తిరిగింది. తర్వాత నాతో అంది, "బాబీ, నీ పెద్ద సెట్టులో పెట్టరా. మా అమ్మకి సరిగ్గా వినపడదు. గదంతా నిండాలి మా నాన్న గొంతు."

పెట్టాను. గదంతా నిండింది. గొంతుతో పాటు ఇంకోటి కూడా నిండింది. గుంయ్‌...

వంటింట్లో అమ్మకున్న అరచేతంత టేప్‌రికార్డరులో ఆ చప్పుడు ఎన్నడూ వినపడలేదు. నా పన్నెండంగుళాల వూఫరులో మాత్రం ఆవు దూడని పిలిచినట్టు వినపడుతోంది. పాట పొడుగునా ఉంది. చరణానికీ చరణానికీ మధ్య తాతయ్య ఊపిరి తీసుకునే చోట మరీ బాగా ఉంది.

"ఏంటిరా ఆ మోత?" అంది అమ్మ.

"కరెంటమ్మా. మన కరెంటు మురికిది."

ఈ మాట నేను ఎంత ధీమాగా అన్నానంటే, అమ్మ వెంటనే స్విచ్చు బోర్డుని చీర కొంగుతో తుడిచింది.

నా పరిశోధన చిత్తగించండి. కేసెట్టు లేకుండా సెట్టు పెడితే గుంయ్ లేదు. సినిమా పాటలు పెడితే గుంయ్ వినపడదు. తాతయ్య పాటలోనే వినపడుతుంది. దీన్నిబట్టి నేను తేల్చింది ఏమిటంటే, డెక్కులో మోటారు తిరిగినప్పుడే దొంగ కరెంటు లోపలికి దూరుతోంది, సినిమా పాటల హోరులో అది దాక్కుంటోంది, తాతయ్య పాటలో నిశ్శబ్దం ఎక్కువ కాబట్టి పట్టుబడుతోంది. పైగా ఆ గుంయ్ సరిగ్గా మన లైనులో ఉండే సెకనుకి యాభై సైకిళ్ల జాతిది. చెవితో పోల్చుకున్నాను, నోటుబుక్కులో రాసుకున్నాను, కింద గీత గీశాను. పరీక్షలో ఒకటే మార్చాలి, మిగతావి కదపకూడదని మా లెక్చరరు గారు చెప్పారు. నేను ఆ ఇంట్లోనూ పక్కింట్లోనూ ఉన్నవన్నీ మార్చాను, కేసెట్టు ఒక్కటి తప్ప.

ముందు స్టెబిలైజరు వచ్చింది. సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ నీరసపడిపోయేది, అది టకటకమని కొట్టుకుంటూ లేపేది. గుంయ్ కూడా దాంతోపాటు లేచింది. తర్వాత ట్రాన్స్‌ఫార్మరు. లైనుకీ సెట్టుకీ మధ్య గోడలా నిలబడేది కావాలని గుడివాడలో మోటార్లు చుట్టే షాపుకి వెళ్లాను. ఆ చుట్టే ఆయన నా డ్రాయింగు తిరగేసి మరగేసి చూశాడు.

"పంపుసెట్టుకా బాబూ?"

"కాదండీ. పాటకి."

"పాటకా!" అని కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "పాట ఎక్కడ తీశారో అక్కడ బాగుండాలి గానీ, కరెంటుకి కట్టు కడితే ఏమొస్తదండీ?"

ఆ మాటని బంగారు ఫ్రేములో కట్టించుకోవాల్సింది. నేనేం చేశానంటే, నిలబెట్టి ఇరవై నిమిషాలు ఆయనకి పాఠం చెప్పాను. ముప్పై ఏళ్లుగా మోటార్లు చుడుతున్న మనిషికి! ఆయన పాపం ఆవలింత నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని మరీ తీశాడు.

దాన్ని ఒళ్లో పెట్టుకుని గుడివాడ నుంచి పామర్రు, పామర్రులో బస్సు మారి బందరు. తొడలు రెండూ తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి.

"ఆ ఇనుము కింద పెట్టు బాబూ, దారికడ్డం," అన్నాడు కండక్టరు.

"కుదుపులకి లోపల తీగలు కదుల్తాయండీ."

"ఈ రోడ్డు మీద కడుపులో పేగులే కదుల్తున్నాయి, తీగలంట! పెట్టు కింద."

పెట్టలేదు. ఆయనతో పోట్లాడుకుంటూ, పసిబిడ్డని దాచినట్టు దాన్ని దాచుకుంటూ ఇంటికొచ్చాను. తగిలించాను. కేసెట్టు పెట్టాను. గుంయ్‌ నవ్వుతూ ఎదురొచ్చింది.

"అయితే ఎర్తు బాగాలేదు," అన్నాను.

ఇక్కడ నాకు ఒళ్లు మండిపోతుంది. బందరులో నాలుగడుగులు తవ్వితే నీళ్లు, ఇంకాస్త తవ్వితే ఉప్పునీళ్లు. ఊరు ఊరంతా సముద్రం పక్కన నానబెట్టిన వడియంలా ఉంటుంది. అలాంటి నేలలో నేను ఆరడుగుల గొయ్యి తవ్వి, రాగి పలక దింపి, బొగ్గులు పోసి, ఆ పైన బస్తా ఉప్పు కొనుక్కొచ్చి పోశాను. పుస్తకంలో ఉప్పు పొయ్యమని ఉంది మరి! పుస్తకం రాసినాయన బందరు చూశాడా లేదా అని నేను ఆలోచించలేదు. పది రోజుల్లో గొయ్యి పక్కనున్న అమ్మ మల్లెతీగ మాడిపోయింది.

"మూడేళ్లు పెంచానురా దాన్ని!" అంది అమ్మ, ఎండిన తీగ చేత్తో పట్టుకుని.

"తాతయ్య పాట కోసం కాదటమ్మా?"

"మా నాన్న పాట కోసం మా నాన్నే తెచ్చిచ్చిన అంటు చంపావు కదరా!"

ఆ అంటు తాతయ్య తెచ్చిందని నాకు తెలియదు. సిగ్గుపడ్డానా? లేదు. నోటుబుక్కులో "ఎర్తు: సంతృప్తికరం" అని రాసుకున్నాను.

లైనులో మురికిని వడకట్టడానికి ఒక ఫిల్టరు పెట్టె కూడా బిగించాను. గుంయ్ అలాగే ఉంది. ఇక లైను మీద మిగతావాళ్లు చేస్తున్న పాపమేనని తేల్చి, గోడకి ఒక కాగితం అంటించాను. పరీక్షా సమయం రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు. ఆ రెండు గంటలూ ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ, ట్యూబులైట్లు, ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు నిషేధం. నాన్న కోర్టు నుంచి వచ్చి చెమటలు కక్కుతూ ఆ కాగితం చదివారు. ఆయన గుమాస్తా. ఏ కాగితమైనా అక్షరం వదలకుండా చదువుతారు.

"ఇందులో మనుషుల్ని వదిలేశావేంరా? ఊపిరి పీల్చుకోవచ్చా?"

"మెల్లిగా పీల్చుకోండి నాన్నా."

ఇలా మా ఇంట్లో అందరినీ చీకట్లో ఉక్కలో కూర్చోబెట్టాక, కోటేశ్వరరావు గారి మీద పడ్డాను. ఆయన కుట్టుమిషనుకి మోటారు పెట్టించుకున్నారు. పాపం మోకాళ్ల నొప్పులు, తొక్కలేరు.

"మీ మోటారు వల్ల మా తాతయ్య గుంయ్‌మంటున్నాడండీ," అన్నాను.

ఆయన నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టారు. "మీ తాతయ్య పోయారు కదా బాబూ?"

"టేపులో అండీ."

"టేపులో మీ తాతయ్యకీ, ఇక్కడ నా జాకెట్లకీ సంబంధం ఏంటి?"

"మీరు నాకు సైన్సు చెప్పకండి!" అని అరిచాను. నా తండ్రి వయసు మనిషి మీద, వీధిలో నిలబడి.  ఆయన రోజూ ఐదు నుంచి ఏడు మోటారు బెల్టు తప్పించి, ఆ మోకాళ్లతోనే తొక్కారు. చప్పుడు మాత్రం ఒక పిసరు తగ్గలేదు. నేను క్షమాపణ చెప్పానా? ఆయన దొంగతనంగా మోటారు వేస్తున్నాడేమోనని గోడ మీంచి తొంగిచూశాను.

కూడిక రేపనగా మధ్యాహ్నం నాకు చివరి ఆలోచన వచ్చింది. సెట్టుని కొలవడానికి ఒక పరీక్ష శబ్దం రికార్డు చేసుకోవాలి. ఇంట్లో ఖాళీ కేసెట్టు లేదు. తాతయ్య పాట అయిపోయాక మిగతా టేపంతా ఖాళీయే కదా! పాట అయ్యాక కొంతసేపు ఏమీ ఉండదు, అందరూ అక్కడే ఆపేస్తారు, నేనూ అక్కడే వెనక్కి తిప్పేవాణ్ణి. ఆ ఖాళీలో రికార్డు చేద్దామనుకున్నాను. పాట మీద ఇంకోటి రికార్డు కాకుండా కేసెట్టు అంచున ఉండే చిన్న పలకని మావయ్య ఎప్పుడో విరిచేశాడు. ఆ కన్నంలో కాగితం ఉండ కుక్కాను. ముందుకి తిప్పాను. రికార్డింగుకి కలిపి నొక్కాల్సిన రెండు మీటల మీద రెండు వేళ్లూ పెట్టాను.

కరెంటు పోయింది.

మూడు గంటలు రాలేదు. ఆ మూడు గంటలూ కరెంటు వాళ్లని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ పుస్తకం అచ్చు వెయ్యరు. కరెంటు వచ్చేసరికి దివిసీమ వాళ్లు దిగారు, ఇంటినిండా జనం, రికార్డింగు మానేశాను. దానికి బదులు ఇంకో పని చేశాను. డెక్కుకీ ఆంప్లిఫయరుకీ మధ్య చిన్న కండెన్సరు ఒకటి పెట్టి, కింది స్వరాలన్నీ కోసేశాను. గుంయ్ మాయమైంది! మూడు నెలల్లో మొదటిసారి. పాటని నేను పెద్దగా వినలేదు. నేను విన్నది గుంయ్ లేకపోవడాన్ని.

ఇక శనివారం పది గంటలు. ప్రార్థన అయింది. పాస్టరు గారు నుదురు తుడుచుకుని నాకేసి చూశారు. ముప్పై ఎనిమిది మందీ పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. నేను లేచి నిలబడి, శుద్ధి చేసిన కరెంటు అంటే ఏమిటో నాలుగు ముక్కలు చెప్పాను. అవును, తాతయ్య జ్ఞాపకార్థ కూడికలో, ఫ్యాన్లు ఆపేసిన గదిలో, ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి వేసి ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత మీట నొక్కాను.

పాట మొదలైంది. గుంయ్ లేదు. నేను అమ్మమ్మ మొహం చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ చెవి ముందుకి పెట్టింది. కాసేపు విన్నది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "ఎవరే ఈయన?"

"నాన్నేనే అమ్మా!"

"కాదు. ఈ గొంతు ఆయనది కాదు." ఆవిడ సెట్టు మీంచి మొహం తిప్పేసుకుంది. "మీ నాన్న మాటాడితే రొమ్ములోంచి వచ్చేది. ఇదెవరో రేకు డబ్బాలోంచి మాటాడతన్నాడు. మీరు మరిచిపోయినట్టున్నారు, నేను మరిచిపోలేదు."

గది చల్లబడింది, ఫ్యాన్లు లేకుండానే. అమ్మ నన్ను చూసిన చూపుకి నా ఫిల్టరు పెట్టెలో ఫ్యూజు ఎగిరిపోవాల్సింది.

"ఏం చేశావురా మా నాన్న గొంతుని?"

గబగబా కండెన్సరు పీకేశాను. గొంతు లావుగా, నిండుగా తిరిగొచ్చింది. దాంతోపాటు, స్వాగతం, గుంయ్‌.

"మళ్లీ ఇదొకటి!" అన్నారు నాన్న.

నాకు పూనకం వచ్చింది. "కోటేశ్వరరావు గారు మోటారు వేశారు!" అని చెప్పుల్లేకుండా గుమ్మం వైపు పరిగెత్తాను.

"నేనిక్కడే ఉన్నాను బాబూ," అన్న మాట చివరి చాప మీంచి వినపడింది. "షాపుకి తాళం కూడా వేశాను. ఇదుగో." తాళంచెవి పైకెత్తి చూపించారు. ముప్పై ఎనిమిది మందీ తాళంచెవిని చూశారు, తర్వాత నన్ను చూశారు.

"అయితే వీధి చివర రైసుమిల్లు! అయితే లైనులో..."

"ఇంక చాలు," అన్నారు నాన్న. అరవలేదు. మా నాన్నకి నిజంగా కోపమొస్తే గొంతు తగ్గుతుంది. వరండాలోకి వెళ్లారు. ధడేల్‌మని మెయిన్ స్విచ్ దింపేసి వచ్చారు. స్టెబిలైజరు టక్కుమని చచ్చిపోయింది. తాతయ్య చరణం మధ్యలో మూలుగుతూ ఆగిపోయాడు. అమ్మమ్మ కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు ఈ ఇంట్లో కరెంటే లేదు. ఎవర్ని తిడతావో తిట్టు."

"కరెంటు లేకపోతే పాటెలా వస్తుంది నాన్నా?" అని ఏడుపు గొంతుతో అన్నాను.

"ఆగు బావా," అన్నాడు సుందరం మావయ్య. "నా టేప్‌రికార్డరు జీపులో ఉంది." ఎవరో చుట్టం గల్ఫు నుంచి పంపిన పెద్దది, రెండు స్పీకర్లది. మావయ్య తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టాడు. వెనక మూత తీసి, టార్చిలైటులో వేసే లావు సెల్స్ వరసగా దూర్చాడు. కేసెట్టు వేశాడు. "అల్లుడూ, ఇదుగో చూస్కో. దీనికి తోకే లేదు. గోడకి ఆమడ దూరంలో ఉంది."

మీట నొక్కాడు.

తాతయ్య పాడాడు. గుంయ్‌.

 మెయిన్ స్విచ్ కిందికి దిగి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు నిర్జీవంగా పడి ఉంది. రాగి తీగ ఉప్పు గొయ్యిలోకి వేలాడుతోంది. గుంయ్ మాత్రం సెల్స్ మీద హాయిగా, ఆరోగ్యంగా ఉంది. ముప్పై ఎనిమిది తలలు, ఒక పాస్టరు గారి తల, మెల్లిగా నా వైపు తిరిగాయి. కోటేశ్వరరావు గారు మోకాళ్లు రుద్దుకున్నారు.  తిట్టి ఉంటే బాగుండేది.

పాట అయిపోయింది. నేను అలవాటుగా ఆపడానికి చెయ్యి చాపాను. అమ్మమ్మ నా మణికట్టు మీద ఒక్క దెబ్బ వేసింది. "ఉండనీరా!"

టేపు తిరుగుతోంది. నేను మూడు నెలలుగా ఖాళీ అనుకున్న చోటు. గుంయ్ తప్ప ఏమీ లేదు. అర నిమిషం. ముప్పావు నిమిషం. మావయ్య మొహంలో ఏదో మారింది. "అరే..." అన్నాడు.

అప్పుడు టేపులోంచి తాతయ్య గొంతు, పాడే గొంతు కాదు, మామూలు గొంతు, చిరాగ్గా పలికింది:

"ఒరేయ్ సుందరం, ఆ చెరువు మోటారు కట్టెయ్ రా. చెవులు హోరెత్తిపోతున్నాయి."

ఎవరో నడిచిన చప్పుడు. టక్. గుంయ్ ఆగిపోయింది.

మూడు నెలలు, స్టెబిలైజరు, ట్రాన్స్‌ఫార్మరు, ఫిల్టరు, బస్తా ఉప్పు, ఒక మల్లెతీగ, రెండు మోకాళ్లు. ఇన్ని బలిపెట్టి నేను తియ్యలేని చప్పుడుని, పోయి మూడేళ్లయిన మనిషి ఒక్క మాటతో తీసేశాడు.

ఆ నిశ్శబ్దంలో గట్టు మీద పిట్ట ఏదో అరిచింది. మళ్లీ తాతయ్యే: "ఏమేవ్, అన్నం పెడతావా? ఆకలేస్తంది."

"అదీ!" అంది అమ్మమ్మ. అరుపులాంటి నవ్వు అది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "అదీ ఆయన! పాటవగానే అన్నం! విన్నావా అమ్మాయ్, విన్నావా!" అమ్మ ఆవిడ మీద వాలిపోయింది. మావయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మాకేసి తిరక్కుండానే, "నేనేరా ఆ మోటారు కట్టేసింది," అన్నాడు. "రికార్డింగు ఆపటం మర్చిపోయి పరిగెత్తాను."

 ఆ రెండు వాక్యాల మీద ముందురోజు మధ్యాహ్నం నేను రెండు వేళ్లు పెట్టి ఉన్నాను. కన్నంలో నేను కుక్కిన కాగితం ఉండ ఇంకా అలాగే ఉంది. ఎవరూ చూడకుండా పీకి జేబులో వేసుకున్నాను. ఆ కేసెట్టుని కాపాడింది నా శుద్ధి కాదు, నేను మూడు గంటలు తిట్టిపోసిన కరెంటు కోత.

భోజనాల దగ్గర కోటేశ్వరరావు గారికి నేనే వడ్డించాను. తలెత్తకుండా, "నన్ను క్షమించండి," అన్నాను.

"క్షమిస్తాను గానీ బాబూ, మీ తాతయ్య ఇప్పుడు గుంయ్‌మనటం లేదుగా? మోటారు వేసుకోవచ్చా?" అన్నారు. నాన్న అన్నం పొలమారేంతగా నవ్వారు. నేను నవ్వలేదు. ఇప్పటికీ నవ్వడం లేదు.

అందుచేత, ఆ రోజు ఆగిపోయిన ఫ్యాన్ల సాక్షిగా, మాడిన మల్లెతీగ సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ కరెంటునైనా, ఏ టైలరునైనా, ఏ రైసుమిల్లునైనా దోషిగా నిలబెట్టే ముందు టేపు చివరిదాకా వింటాను. చివరిదాకా విన్నాక కూడా నోరు మూసుకునే ఉంటాను. ట్రాన్స్‌ఫార్మరు ఇప్పుడు మా వరండాలో తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంది. ఆ పనికి అది చాలా బాగా పనికొస్తోంది.

ఆ రోజు మావయ్య టేప్‌రికార్డరులో వేసినవి సెల్స్ ఆరు. మొత్తం తొమ్మిది వోల్టులు.